ఏడడుగుల పైనున్న లాఫ్ట్: దించే రాడ్డు పెట్టించాలా, నిచ్చెన కొనాలా?

మీరు రాసిన దాన్నిబట్టి సంగతి ఇదీ. మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. పదడుగుల వెడల్పు పడగ్గది, గోడ నుంచి గోడ దాకా 7 అడుగుల ఎత్తు వార్డ్‌రోబ్, దాని మీద శ్లాబు వరకు రెండున్నర అడుగుల లాఫ్ట్. మీ ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. అత్తగారికి 68 ఏళ్ళు. మీవారు నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండరు. పైన పెట్టినవి పైనే ఉండిపోతున్నాయి, కింద అరల్లో చోటు చాలడం లేదు. కార్పెంటరేమో హ్యాంగర్లతో సహా కిందికి లాగే రాడ్డు, గ్యాస్ పంపు ఊతంతో తలుపు పైకి లేచే గ్యాస్ షట్టర్లు పెడదామంటున్నాడు. పెట్టించమంటారా అని అడిగారు.

గ్యాస్ షట్టర్లు వద్దండీ. రాడ్డు ఒకచోట పనికొస్తుంది గానీ ఆ చోటు లాఫ్ట్ కాదు. ఈ రెండిటికంటే ముందు ఒక మంచి నిచ్చెన కొనండి.

ఎందుకో చెబుతాను. పాత పెంకుటిళ్ళలో అటక ఉండేది, దానికి ఆనించి నిచ్చెనా ఉండేది. కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, జాడీలు అన్నీ అక్కడే. ఫ్లాట్లలోకి అటక వచ్చింది, నిచ్చెన రాలేదు. దాని బదులు ప్లాస్టిక్ స్టూలు వచ్చింది. ఫ్లాట్లలో వడ్రంగం పని చేయించీ చేయించీ తల నెరిసినవాణ్ణి. లాఫ్ట్ వాడుకోలేకపోతున్నామని పిలిచిన ఇళ్ళలో చాలావాటిలో హార్డ్‌వేర్ లోపమేమీ ఉండదు. ఎక్కడానికి సరైనది లేకపోవడం, ఎక్కినా చేతికి అందేలా సర్దకపోవడం, ఈ రెండే కారణాలు.

ముందు మీ చెయ్యి ఎంతవరకు అందుతుందో చూసుకుందాం. మనిషి పాదాలు నేలకి ఆనించి, చెయ్యి చాపి, ఒక వస్తువుని పట్టుకుని భద్రంగా దించగలిగే ఎత్తు తన ఎత్తు కన్నా ఇంచుమించు ఒక అడుగు ఎక్కువ. మునివేళ్ళు ఇంకొంచెం పైకి వెళ్తాయి కానీ వేళ్ళతో తోయగలరు, దించలేరు. అంటే మీకు 5 అడుగుల 11 అంగుళాలు. కాబట్టి లాఫ్టే కాదు, వార్డ్‌రోబ్‌లో పైనుండే చివరి అర కూడా మీకు అందదు. మీ ఇబ్బంది అక్కడే మొదలైంది. ఆ అరలో ఇప్పుడేమున్నాయో చూడండి. రోజూ వాడే తువ్వాళ్ళో, దుప్పట్లో ఉంటే వాటిని ముందు కిందికి దించాలి. వాటికి చోటు కావాలంటే కిందున్న వాటిలో ఏడాదికోసారి వాడేవి పైకి పోవాలి. అంటే లాఫ్ట్ సర్దడం లాఫ్ట్ దగ్గర మొదలవ్వదు, మీ నడుమెత్తు అర దగ్గర మొదలవుతుంది.

ఇక గ్యాస్ షట్టర్ల సంగతి. వంటింట్లో, కంటి ఎత్తులో ఉండే కప్‌బోర్డుకి అవి హాయిగా ఉంటాయి. ఏడడుగుల పైన కథ వేరు. షట్టరు పైకి లేచాక దాని హ్యాండిల్ శ్లాబు దగ్గరికి, అంటే తొమ్మిదడుగుల పైకి వెళ్ళిపోతుంది. నిచ్చెన మీదున్నా మూయడానికి మడమలెత్తి వేలాడాల్సిందే. తెరిచేటప్పుడు ఆ పలక అంచు నేరుగా మీ మొహం మీదికి వస్తుంది. బరువూ లెక్కలోకి తీసుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు అడుక్కి కిలో తూగుతుంది. మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు షట్టరంటే ఏడున్నర కిలోలు, పైన లామినేట్ బరువు అదనం. గ్యాస్ పంపులో వాయువు ఏళ్ళు గడిచేకొద్దీ మెల్లమెల్లగా తగ్గుతుంది. కొత్తలో ఎక్కడ వదిలితే అక్కడ ఆగే షట్టరు కొన్నాళ్ళకి జారడం మొదలుపెడుతుంది. ఆ సమయానికి దాని కింద ఎవరి తల ఉంటుందో చెప్పలేం కదా.

పక్కకి తెరుచుకునే మామూలు మడతబందుల షట్టర్లే మేలు. అయితే వాటిలోనూ ఒక చిక్కుంది. డిజైన్ గీసేవాళ్ళు కూడా చాలామంది దీన్ని చూడరు. అది సీలింగ్ ఫ్యాన్.

మీ గది కొలతలతోనే లెక్క వేద్దాం. గది వెడల్పు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. బిల్డరు ఫ్యాన్ హుక్కుని ఖాళీ గదికి నడిమధ్యన పెడతాడు, గోడకి 60 అంగుళాల దూరంలో. తర్వాత మీరు 24 అంగుళాల లోతు వార్డ్‌రోబ్ పెట్టించారు. షట్టరు ముఖం నుంచి ఫ్యాన్ నడిమికి మిగిలింది 36 అంగుళాలు. మామూలుగా అందరిళ్ళలో ఉండే 1200 మిల్లీమీటర్ల ఫ్యాను రెక్కకొస నడిమి నుంచి 24 అంగుళాలు వస్తుంది. కాబట్టి రెక్కకీ షట్టరుకీ మధ్య ఉన్నది 12 అంగుళాలే. ఫ్యాన్ రెక్కలు దాదాపు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున తిరుగుతుంటాయి, లాఫ్ట్ షట్టరు ఉండేది ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు. ఫ్యాన్‌కి ఎదురుగా 18 అంగుళాల షట్టర్ల జత ఉంటే, సగం తెరిచేసరికే రెక్కల దారిలోకి వస్తుంది. కరెంటు పోయి ఉన్నప్పుడు తెరిచి, మూయడం మరిచిపోతే, కరెంటు రాగానే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకని కార్పెంటరుకి ఇలా చెప్పండి. ఫ్యాన్‌కి నేరుగా ఎదురుపడే చోట షట్టర్లు ఒక్కొక్కటి 12 అంగుళాలకి మించకూడదు. వెడల్పు షట్టర్లు రెండు కొసల్లో పెట్టాలి. కొసల్లో షట్టరు బందులు కూడా గోడవైపు ఉండాలి, ఫ్యాన్ వైపు కాదు. గ్యాస్ షట్టరు పెట్టినా ఈ బెడద పోదు సరికదా పెరుగుతుంది, రెండున్నర అడుగుల పలక ముందుకి లేస్తూ నేరుగా రెక్కల దారిలో నుంచే వెళ్తుంది మరి. ఇవన్నీ సరిగ్గా చేసినా, నిచ్చెన ఎక్కే ముందు ఫ్యాన్ స్విచ్చి ఆపడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. నిచ్చెన మీద నిలబడి చెయ్యెత్తితే వేళ్ళు రెక్కల ఎత్తుకి వెళ్తాయి. చేతిలో పెట్టె ఉన్నప్పుడు వెనకేముందో కనబడదు.

నిచ్చెన విషయానికొస్తే, మడిచే అల్యూమినియంది, నాలుగు మెట్లది తీసుకోండి. మూడు మెట్లది చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కొట్టువాడు కూడా చాలంటాడు. మీకు చాలదు. మెట్టుకీ మెట్టుకీ తొమ్మిదంగుళాలనుకుంటే మూడో మెట్టు మీద మీ కళ్ళు సుమారు 6 అడుగుల 10 అంగుళాల ఎత్తున ఉంటాయి. లాఫ్ట్ అడుగుపలక ఏడడుగుల ఎత్తున ఉంది. అంటే లోపల ఏముందో కనబడకుండా తడుముకుంటారు. నాలుగో మెట్టు మీదైతే కళ్ళు ఏడున్నర అడుగుల పైన ఉంటాయి, లోపలిదంతా కనబడుతుంది, పెట్టె భుజాల ఎత్తుకి వస్తుంది. ఈ తేడా దగ్గరే పడిపోవడాలు జరుగుతాయి. కనబడనప్పుడే మనిషి మడమలెత్తుతాడు.

మెట్లు వెడల్పుగా, పాదం సగానికి పైగా ఆనేలా ఉండాలి. పైమెట్టు పలకలా ఉండి, దానిమీదికి మోకాలెత్తున పట్టుకునే కమ్మీ ఉండాలి. కాళ్ళకి రబ్బరు తొడుగులు ఉండాలి. కొట్లోనే ఎక్కి పక్కకి ఊగి చూడండి, సిగ్గుపడొద్దు. ధర ఆ లాగే రాడ్డు కంటే ఎక్కువేం ఉండదు.

కొన్న తర్వాత దాన్ని ఎక్కడ పెడతారన్నది కొన్నదానికన్నా ముఖ్యం. బాల్కనీలో పెడితే ఎవరూ వెళ్ళి తేరు, పక్కనున్న ప్లాస్టిక్ స్టూలే లాగుతారు. మడిస్తే ఐదారంగుళాల మందమే ఉంటుంది కాబట్టి ఆ గదిలోనే తలుపు వెనకాలో, వార్డ్‌రోబ్ పక్కనో నిలబెట్టండి. కార్పెంటరు ఇంకా పని ముగించలేదన్నారు కదా, వార్డ్‌రోబ్ కొసలో ఆరంగుళాల సందు వదిలించి సన్నటి షట్టరు వేయించండి. అందులో నిచ్చెన, ఇంకో కర్ర పడతాయి.

ఆ కర్ర ఏమిటంటే, బట్టల కొట్లో గోడ పైన వేలాడే చీరల్నీ డ్రెస్సుల్నీ దించడానికి సేల్స్ కుర్రాళ్ళ చేతిలో ఉంటుందే, కొసకి కొక్కెం ఉన్న కర్ర, అదే. మామిడికాయలు కోసే దోటీకి తమ్ముడు. వార్డ్‌రోబ్‌లో పై రాడ్డుకున్న హ్యాంగర్లు దించడానికి మీకు అదొక్కటీ చాలు. మూడడుగుల కర్ర, ఒక కొక్కెం. దానికి సర్వీసు లేదు, స్ప్రింగు లేదు.

కిందికి లాగే రాడ్డు గురించి ఇంకొంచెం చెప్పాలి, దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. రెండు పక్క పలకలకి చేతుల్లాంటి రెండు కడ్డీలు బిగిస్తారు, మధ్యలో పిడి వేలాడుతుంది, లాగితే రాడ్డంతా ముందుకి వచ్చి కిందికి దిగుతుంది. వార్డ్‌రోబ్‌లో షర్టుల భాగానికి రెండు వరసల రాడ్లు పెట్టినప్పుడు అది బాగుంటుంది. షర్టుకీ కుర్తాకీ 40 అంగుళాలు చాలు కాబట్టి ఏడడుగుల్లో రెండు వరసలు పడతాయి. వేలాడదీసే చోటు రెట్టింపవుతుంది. కానీ పై రాడ్డు ఆరున్నర అడుగుల దాకా వెళ్ళిపోతుంది. మీవారు పొడగరి అయితే పై వరస ఆయనకిచ్చి, కింది వరస మీరు ఉంచుకుంటే రాడ్డు ఖర్చే ఉండదు. ఇద్దరూ పొట్టివాళ్ళయితేనో, పై వరస కూడా మీకే కావాలంటేనో పెట్టించండి.

పెట్టించే ముందు మూడు చూసుకోవాలి. దానిమీద రాసిన బరువు సాధారణంగా 10 నుంచి 15 కిలోల మధ్య ఉంటుంది. షర్టులకి సరే. జరీ పట్టుచీరలు ఒక్కొక్కటి ముప్పావు కిలో, కిలో తూగేవి ఉంటాయి, డజను చీరలకే హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. రెండు, రాడ్డు ముందుకి వస్తుంది కాబట్టి వార్డ్‌రోబ్ ముందు మంచం అడ్డం ఉండకూడదు. మీ గదిలో డబుల్ కాట్ వేశాక ఎంత మిగిలిందో చూడండి. మూడు, పక్క పలకలు ప్లైవుడ్ అయితేనే స్క్రూ నిలుస్తుంది. చెక్కపొడి అదిమి చేసే పార్టికల్ బోర్డు అయితే లాగిలాగి కొన్నాళ్ళకి స్క్రూ రంధ్రం పొడి రాలి వదులైపోతుంది, రాడ్డు ఒకవైపు వంగుతుంది.

లాఫ్ట్‌లో మాత్రం ఇలాంటి యంత్రాలేవీ వద్దు. పెట్టెలు వాడండి. లాఫ్ట్ లోతు 24 అంగుళాలు. మీ భుజం నుంచి వేలికొస దాకా కొలుచుకుంటే దాదాపు అంతే ఉంటుంది, నిచ్చెన మీదున్నప్పుడు భుజం లోపలికి దూర్చలేరు కదా. వెనకున్నది మీకు సరిగ్గా అందదు. అందుకే అక్కడ విడివిడిగా పెట్టిన ప్రతి వస్తువూ రెండేళ్ళలో వెనక్కి చేరి కనబడకుండా పోతుంది. పెట్టె లోతు 22 అంగుళాలుండి, ముందువైపు పిడి ఉంటే, అది సొరుగులా పనిచేస్తుంది. పిడి పట్టుకుని లాగితే వెనకున్నది కూడా ముందుకొస్తుంది. వెడల్పు 15 అంగుళాలు మించొద్దు, మించితే రెండు చేతులతో ఒడిసిపట్టి దిగలేరు. నింపాక ఒక్కో పెట్టె ఐదు కిలోలు దాటకూడదు. ఇంట్లో బరువు తూచే మిషను ఉంటే తూచండి, చేత్తో ఎత్తి చూసి సరిపోతుందనుకోవద్దు. నేల మీద తేలిగ్గా ఉన్నది నాలుగో మెట్టు మీద తేలిగ్గా ఉండదు.

లోపల ఎత్తు 28 అంగుళాల దాకా ఉంటుంది కదా, మధ్యలో ఒక అర వేయించండి. లేకపోతే పెట్టె మీద పెట్టె పెడతారు. కింద పెట్టె కావాలంటే పై పెట్టె దించాలి, నిచ్చెన మీద అది ఎక్కడ పెడతారు? అర ఉంటే దేనికదే బయటికొస్తుంది. పై వరస నిజంగా ఎప్పుడో గానీ కదపని వాటికి ఉంచండి.

సూట్‌కేసుల కోసం ఒక కొసలో మధ్య అర లేకుండా వదలండి. విదేశాలకి తీసుకెళ్ళే పెద్ద సూట్‌కేసు పొడవు 30 అంగుళాలు దాటుతుంది, లాఫ్ట్ లోతు 24 కాబట్టి అది లోపలికి నిలువుగా పోదు, అడ్డంగానే పోవాలి. అందుకని ఆ కొసలో రెండు షట్టర్లూ తెరిస్తే మధ్యలో నిలువుపట్టీ ఏదీ అడ్డం లేకుండా కనీసం 32 అంగుళాల ఖాళీ రావాలి. ఈ ఒక్క పట్టీ వల్ల లాఫ్ట్ ఖాళీగా, సూట్‌కేసు మంచం కింద ఉన్న ఇళ్ళు ఎన్నో. పెద్దదాంట్లో చిన్నది, దాంట్లో ఇంకా చిన్నది పెట్టి, అన్నిటికన్నా లోపలిదాంట్లో చలికాలం రగ్గులు నింపండి.

ఏవి పైకి పోవాలన్నదానికి నా కొలబద్ద ఒక్కటే: ఏడాదికి ఒకటి రెండుసార్లు మించి దిగకూడదు, బరువుండకూడదు. వినాయక చవితి పాలవెల్లి, దీపావళి సీరియల్ లైట్లు, బొమ్మల కొలువు బొమ్మలు, చుట్టాలొస్తే తీసే దిండ్లు. బొమ్మల్లో కూడా కొండపల్లివి తెల్లపొణికి కర్రతో చేస్తారు కాబట్టి తేలిక, అవి పైకి. మట్టిబొమ్మలు బరువు, పైగా జారితే పోతాయి, అవి మంచం కింద సొరుగులోకి. ఇత్తడి బిందెలు, గుండిగలు, పుస్తకాలు ఎంత అరుదుగా వాడినా పైన పెట్టొద్దు. మీ అత్తగారి పెళ్ళినాటి ఇత్తడి సామానుంటే వార్డ్‌రోబ్ అడుగు అరలో పెట్టండి, నేల మీద బరువుంటే ఎవరికీ ప్రమాదం లేదు.

మీది పై అంతస్తయితే ఇంకో సంగతి. ఎండాకాలంలో శ్లాబు వేడి నేరుగా లాఫ్ట్‌లోకి దిగుతుంది. ఫొటో ఆల్బములు, మందులు, కొవ్వొత్తులు, బ్యాటరీలున్న వస్తువులు అక్కడ పాడైపోతాయి. పట్టుచీరలు కూడా అక్కడ వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి అసలే వద్దు. నూలుగుడ్డలో చుట్టి కింద అరలో పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. లేకపోతే మడత దగ్గర జరీ తెగుతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు. పసిపిల్లల బట్టల్లో అయితే అవి వేయనే వద్దు. గాలి తీసేసే వాక్యూమ్ సంచులు సింథటిక్ రజాయిలకి బాగుంటాయి, చోటు సగానికి సగం మిగులుతుంది. బూరుగుదూది దిండ్లని వాటిలో పెడితే తీసేసరికి అట్టలా ఉంటాయి.

లాఫ్ట్ వెనక గోడ బాత్రూముదైతే, పెట్టెలు సర్దే ముందు ఆ గోడని చేత్తో తడిమి చూడండి. చల్లగా, చెమ్మగా తగిలితే ముందు ఆ లీకు సంగతి తేల్చుకోండి. చెమ్మ ఉన్నచోట చెదలు ప్లైవుడ్‌ని వెతుక్కుంటూ వస్తాయి, పైన ఉన్నది కాబట్టి మీకు ఆలస్యంగా తెలుస్తుంది.

మీ అత్తగారి గురించి రాస్తూ "ఎక్కొద్దని చెప్పినా వినరు" అన్నారు. ఏ ఇంట్లో పెద్దవాళ్ళూ వినరండీ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఒక్క నిమిషం పనే కదా అని స్టూలెక్కుతారు. ఆ వయసులో తుంటి విరిగితే మళ్ళీ మామూలుగా నడవడానికి ఎన్ని నెలలు పడుతుందో మీరు చుట్టుపక్కల చూసే ఉంటారు. చెప్పి మానిపించలేం కాబట్టి ఎక్కాల్సిన అవసరమే లేకుండా చేయాలి. ఆవిడ వస్తువు ఒక్కటి కూడా భుజం ఎత్తు దాటి ఉండకూడదు. పూజకి వాడే పట్టుబట్ట, ఊలు శాలువా, ఆవిడ కాగితాలు, మందుల పెట్టె, అన్నీ మోకాలికీ భుజానికీ మధ్య. మరీ కింద పెట్టినా వంగలేరు. ఆ మధ్యభాగంలో లోతైన అరలకి బదులు ఛానల్ (సొరుగు జారే పట్టా) మీద బయటికొచ్చే ట్రేలు రెండు పెట్టించండి. కార్పెంటరు గ్యాస్ పంపులకి చెప్పిన డబ్బు ఇక్కడ పెడితే ప్రతిరోజూ పనికొస్తుంది. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ స్టూళ్ళు, వీలైతే, ఎవరికైనా ఇచ్చేయండి.

ఏ పెట్టెలో ఏముందో పెట్టె ముఖం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, కింద నుంచుని చదవగలగాలి. నింపాక మూత పెట్టేముందు ఫోనులో ఒక ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. "సంక్రాంతి బొమ్మలు" అని ఉంటే సరిపోదు, "సంక్రాంతి బొమ్మలు – మెట్ల మీద పరిచే గుడ్డ ఇందులోనే" అని రాయండి. ఆ గుడ్డ కోసమే నాలుగు పెట్టెలు దించుతారు మరి.

పని చేయించేటప్పుడు ఇంకొక్కటి గమనించండి. లాఫ్ట్ బరువు వార్డ్‌రోబ్ నిలువు పలకల మీదికి దిగాలి. ఇప్పటి ఫ్లాట్లలో గోడలు తేలికపాటి సిమెంటు ఇటుకలవి అయితే, వాటికి కొట్టిన స్క్రూల మీద మాత్రమే లాఫ్ట్ వేలాడితే కొన్నేళ్ళకి ముందుకి వాలుతుంది. అడుగుపలకకి ప్రతి మూడడుగులకీ కింద ఒక నిలువు పలక ఉందో లేదో చూడండి. లేకపోతే ముందంచు కింద రెండంగుళాల రీపరు (చెక్కపట్టీ) వేయమనండి, పలక మధ్యలో కుంగకుండా ఉంటుంది.

రాడ్డుకి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేశానన్నారు. డబ్బాలోంచి తీసి బిగించకపోతే కొట్టువాళ్ళు మామూలుగా మార్చి ఇస్తారు, దాని బదులు ఆ ట్రేల ఛానళ్ళు తీసుకోండి. 45 కిలోల వరకు మోసే, పూర్తిగా బయటికొచ్చే రకం అడగండి. పెట్టెలు మాత్రం ఇప్పుడే కొనొద్దు. షట్టర్లు బిగించాక, తెరిచి పెట్టి, బందులు లోపలికి ఎంత వచ్చాయో చూసి, ఆ మిగిలిన ఖాళీని కొలవండి. బందు పక్కన అంగుళం దాకా పోతుంది, బయటి కొలత చూసి కొన్న పెట్టె సరిగ్గా ఆ అంగుళం దగ్గరే ఇరుక్కుంటుంది. ఆ కొలతలు ఇక్కడ రాస్తే ఒక్కో గడిలో ఎన్ని పెట్టెలు, ఏ సైజువి పడతాయో లెక్కేసి చెబుతాను.